పచ్చ లైటు ఆరినంక

అక్క పోయిందన్న కబురు నాకు జగిత్యాలలో ఒక సన్మాన సభలో అందింది. వేదిక మీద ఒక పెద్దమనిషి త్యాగాల గురించి మాట్లాడుతున్నాడు. ఉద్యమం నడిచినన్నాళ్లు ఆయన ఎటువైపు ఉన్నాడో నాకు తెలుసు, కింద కూర్చున్నవాళ్లలో సగం మందికి తెలుసు. అయినా అందరం చప్పట్లు కొడుతున్నాం. అప్పుడు జేబులో ఫోన్ కదిలింది. కోరుట్ల నుంచి అక్క భర్తకు అన్న, అక్క ‘బావ’ అని పిలిచే పెద్దాయన.

"మరదలు పోయింది సార్. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగింది. మీకు చెప్పుమని ఎవ్వలు అనలేదు, నాకే చెప్పాలె అనిపిచ్చింది."

నా భుజాల మీద అప్పటికే శాలువా ఉంది. దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టి బయటికొచ్చాను. అక్క ఉంటే ఆ శాలువా అంచు వేళ్ల మధ్య రుద్ది "గిది మనోళ్లు నేసింది గాదు తమ్మీ" అనేది. సన్మానం మనది, బట్ట మాత్రం ఎక్కడిదో. ఇలాంటి సంగతి మీద ఒకప్పుడు నేను నాలుగు పేజీలు రాసేవాణ్ని. ఇప్పుడు ఓపిక లేదు. కానీ ఈ నాలుగు పేజీలు మాత్రం రాయకుండా ఉండలేను, ఎందుకంటే నేను రాసిన ప్రతి ముక్కనూ అచ్చుకు ఎక్కించిన మనిషి గురించి ఏ సభలోనూ ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరని నాకు ఖాయంగా తెలుసు.

ఆమె నాకు తోబుట్టువు కాదు, బంధువు కూడా కాదు. నేను కోరుట్లలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ కరపత్రాలు రాసే రోజుల్లో, మా గల్లీ చివరి షట్టర్‌లో డీటీపీ సెంటర్ నడిపేది. పుట్టిల్లు సిరిసిల్ల, నేత ఇల్లు. తండ్రి చేమగ్గం వదిలి మరమగ్గానికి మారినవాడు. భర్త దుబాయి నుంచి ఇక చాలని తిరిగొచ్చి, ఊళ్లోనే బతుకుదామని పేరున్న కంపెనీ కంప్యూటర్ ఒకటి కొన్నాడు. అన్న తన ఇంటి ముందు షట్టర్ గది ఇచ్చాడు. మరుసటి ఏడు జ్వరమొచ్చి భర్త పోయాడు. ఇక ఈమె సిరిసిల్లకు పోయి బీడీలు చుట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. ఈమె పోయి కీబోర్డు ముందు కూర్చుంది.

"ఆకు చినగకుంట బీడీ చుట్టిన వేళ్లు. గీ కీలు నన్నేం జేత్తయ్?" అనేది.

టైపు కొట్టే ముందు కాగితాన్ని పైకి చదవడం ఆమె అలవాటు. అదే నాకు పెద్ద శిక్ష. నా వాక్యం మూడో పంక్తిలోకి పోయేసరికి ఆగి, తాళాల గుత్తితో బల్ల మీద కొట్టేది. "ఊపిరి తీసుకో తమ్మీ. చదివేటోడు సస్తడు." ఆశ్చర్యార్థకాలన్నీ ఏరిపారేసేది. "గీ పుల్లలన్ని ఎందుకు, కట్టెల మోపా?" అనేది. ‘ప్రజలారా’ అని మొదలుపెడితే కళ్లద్దాల మీది నుంచి నా వైపు చూసేది. ఒక అద్దానికి కాడ విరిగితే దాని చోట మగ్గం పోగు కట్టుకుని ఉండేది. "నన్ను గూడ పిలుస్తున్నవా, లేకుంటె నేను కొట్టేదాన్నేనా?" అని అడిగేది. ఒకసారి ముత్యంపేట వైపు చెరుకు రైతుల కోసం కరపత్రం రాసిస్తే, మొత్తం చదివి పక్కకు పెట్టింది.

"చెరుకు నరికేటోళ్లు ఇందుల లేరు."

"రైతుల సమస్య అక్కా ఇది."

"రైతు ఒక్కడే నరుకుతున్నడా? గా ఆడోళ్ల చేతులు సూసినవా ఎన్నడన్న?"

నేను వాదించాను. వాదించడం నా వృత్తి. ఆమె వాదించలేదు, ఆ పేరా రాసి ఇచ్చేదాకా కొట్టనని కూర్చుంది. రాసిచ్చాను. ఆ కరపత్రంలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ పేరా ఒక్కటే. అది నా తెలివి అని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఆమెకు అప్పజెప్పబోతే "నీ దగ్గరనే పెట్టుకో, నాకు జాగ లేదు" అంది.

ఆమె నోట తరచు వచ్చే మాట ఒకటుంది. "పోగు తెగిన కాడనే ముడి ఎయ్యాలె." పుట్టింటి మగ్గాల దగ్గర నేర్చిన మాట. దేనికైనా అదే వాడేది. కొడుకు అలిగిపోయాడని ఏడ్చే పక్కింటామెకూ అదే, కమిటీలో తగాదాపడి వచ్చిన నాకూ అదే.

ఇప్పుడు ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. అక్కను తలుచుకుంటే నాకు మొదట అదే కనిపిస్తుంది.

సమ్మెల కాలం. బస్సులు లేవు, కాలేజీలు లేవు, కరెంటు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు ఒక్క ఊపున తిరిగొచ్చింది. పెట్టె వెనుక టప్పుమన్నది, కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అక్క ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని నా బండి వెనుక కూర్చుంది. జగిత్యాలకు పోయాం.

జగిత్యాల మెకానిక్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. "ఎస్సెంపీఎస్ పోయింది" అన్నాడు. గోడలోని కరెంటును కంప్యూటర్ తట్టుకునేట్టు మార్చి లోపలికి పంపే ఇనుప డబ్బా అది. వెనుక చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అతని దగ్గరే అరలో పది ఉన్నాయి. ఒకటి తీసి పెట్టబోయాడు. పెట్టెలో పట్టలేదు. స్క్రూల రంధ్రాలు కలవలేదు. చివరికి బోర్డుకు గుచ్చే ప్లగ్గు కూడా వేరు.

"కంపెనీ మిషిన్ గద సార్. వాళ్లది వాళ్లకే పడతది. బల్మికి గుచ్చితె బోర్డు కాలుతది."

నాకు మండింది. ఒక మనిషి రెక్కలు ముక్కలు చేసుకుని సొమ్ము పోసి కొన్న వస్తువులో, రేపు చెడిపోయే ముక్క కూడా మా దగ్గరే కొనాలని ముందే కుట్ర చేసిపెట్టుకోవడం ఏ న్యాయం? కొలతను అరంగుళం తగ్గిస్తే చాలు, జీవితాంతం కట్టేసుకోవచ్చు. పెట్టెను అమ్మరు వీళ్లు, పలుపుతాడు అమ్ముతారు. ఇదంతా ఆ మెకానిక్ ముందు నిలబడి, అతనే ఆ కంపెనీ యజమాని అన్నట్టు చెప్పాను. అతను పాపం తలూపుతూ విన్నాడు.

అక్క మాత్రం "నీ లెక్చర్ గుచ్చితె బోర్డు నడుస్తదా తమ్మీ?" అంది. తర్వాత మెకానిక్ వైపు తిరిగి, "కంపెనీది ఎన్నడత్తది బిడ్డా?" అని అడిగింది.

"హైదరాబాద్ నుంచి రావాలె అక్కా. బండ్లు నడిస్తె గద. అయితే సిరిసిల్లల ఒక భాయ్ ఉన్నడు, గీ కంపెనీయే పాతయి ఇప్పి పెట్టుకుంటడు. అడుగుత ఆగు." ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఉందన్నాడు. కాకపోతే పెద్ద సైజు పెట్టెలోంచి తీసిందట. ప్లగ్గు మాత్రం అదే కావచ్చు, వచ్చి చూసుకోవాలన్నాడు.

తిరిగి కోరుట్ల చేరేసరికి షట్టర్ ముందు బావ నిలబడి ఉన్నాడు. చెడ్డవాడని రాయలేను. ఆయన లెక్కలు ఆయనవి.

"గీ నెల తెర్సిన దినాలకంటె మూసిన దినాలే ఎక్కువ. ఇప్పుడు మిషిని గూడ ఖరాబాయె. సెల్‌ఫోన్ల దుకాణపాయన అడుగుతున్నడు మరదలా. నా తమ్ముడు లేడు, నువ్వెందుకు గీ గోస పడుతవ్? ఇంట్ల ఉండు, పిడికెడు బువ్వ మేం పెట్టమా?"

"మిషిని నడిస్తె?"

"నడిస్తె నీదే. అమాస దాక సూస్త. గా పొద్దు గూడ గది గిట్లనే ఉంటె మల్ల నన్నేమనద్దు."

పిడికెడు బువ్వ. ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది, ఈ ఇనుప డబ్బా దొరక్కపోతే ఆమెకు పోయేది కంప్యూటర్ కాదని. తన అన్నం తాను తింటున్నానని చెప్పుకోవడానికి ఆమెకున్న చోటు ఆ గది ఒక్కటే.

చిక్కు ఎక్కడంటే, మరునాటి నుంచి రెండు రోజులు బంద్. మూడోనాడే అమావాస్య. బంద్ కరపత్రం నేనే రాశాను. ‘ఒక్క చక్రం కూడా కదలొద్దు’ అన్నది నా వాక్యమే, నాకు చాలా నచ్చిన వాక్యం. మొదటి రోజంతా గింజుకున్నాను. రెండోరోజు తెల్లవారగానే ఆమె కాలిపోయిన డబ్బాను తువ్వాలలో చుట్టుకుని మా ఇంటి ముందు నిలబడింది.

"బంద్ అక్కా ఇయ్యాల."

"ఎరుకే. నువ్వు రాసినవ్, నేను కొట్టిన. చక్రం కదలద్దు అంటివి. మరి నడ్సుకుంట పోదమా సిరిసిల్లకు?"

"జనం ఏమనుకుంటరు?"

"జనం నిన్ను సూత్తరు. బావ నన్ను సూత్తడు. బండి తియ్యి."

తీశాను. కథలాపూర్ దగ్గర ముళ్లకంప అడ్డం పెట్టి కూర్చున్నవాళ్లు నన్ను గుర్తుపట్టారు. "సారే అచ్చిండు" అని కంప పక్కకు లాగారు, ఏదో మీటింగుకు పోతున్నానని. నేను కాదనలేదు. వెనుక నుంచి అక్క నవ్వు వీపుకు తగులుతూనే ఉంది.

సిరిసిల్లలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఆ ఊరు చప్పుడు లేకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. అక్క బండి దిగి చెవులు తడుముకుంది. "చెవులల్ల దూది పెట్టినట్టున్నది" అంది. పుట్టింటి గల్లీ పక్కనే ఉన్నా పోలేదు. పోతే కూర్చోబెడతారని.

భాయ్ దుకాణం ముందు తలుపు మూసి ఉంది. వెనుక గుమ్మం తెరిచాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"బంద్ కరపత్రం రాసిన సారేనా మీరు? బంద్ నాడు సామాన్ కొనుక్కోను అచ్చిండ్రా?"

"నేను గాదు భాయ్, అక్క."

"అచ్ఛా. అయితే బంద్ మగోళ్లకే అన్నట్టు." తనకు తానే నవ్వుకుని, రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి ప్లగ్గుల్లో తీగల రంగులు ఒక్కొక్కటీ పోల్చుకున్నాడు. కలిశాయి. ఇన్వర్టర్‌కు పెట్టి చూపించాడు. చిన్న ఫ్యాన్ గిర్రున తిరిగింది. అక్క ఆ గాలికి అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"ప్లగ్గు పడతది అక్కా, గ్యారంటీ. డబ్బా మాత్రం మీ పెట్టెల పట్టదు. ఇది పెద్దది."

"పట్టకుంటె బయటుంటది."

"బయటనా?"

"బయట ఉంటె తిరుగదా ఫ్యాను?"

భాయ్ నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. "ఒక్క మాట యాద్ పెట్టుకో అక్కా," అన్నాడు చివరికి. "గీ డబ్బా మూత ఎన్నడు ఇప్పకు. ప్లగ్గు పీకినా లోపట కరెంటు ఇంకింత ఉంటది. బోర్డు మీద చిన్న పచ్చ లైటు ఉంటది సూడు. అది ఆరినంకనే తీగలు ముట్టు."

తిరుగు దారిలో అసలు గండం వచ్చింది. రుద్రంగి దాటాక రోడ్డు నడుమ వంటావార్పు. ఆ రోజుల్లో దారులు మూయడానికి జనం కనిపెట్టుకున్న పద్ధతి అది. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి వండుతారు, అక్కడే బంతి భోజనాలు సాగుతాయి. ఇంటింటి నుంచి తలా ఒకటి తెస్తారు, ఒకరు బియ్యం, ఒకరు పప్పు, ఒకరు గిన్నె. వచ్చినవాడు తినకుండా దాటొద్దన్నది అక్కడి కట్టుబాటు. నన్ను చూడగానే మాట్లాడమని మైకు చేతికిచ్చారు. నేను మాట్లాడుతుంటే, ఒక ముసలమ్మ బండి దగ్గరికొచ్చి, భాయ్ ఇచ్చిన డబ్బాను చుట్టి అక్క ఒళ్లో పెట్టుకున్న తువ్వాల మూటను, మేమూ ఏదో గిన్నె తెచ్చామనుకుని, మారు మాట లేకుండా తీసుకుపోయింది. వేడి పప్పు డేగిసా పక్కన, పొయ్యికి ఆనించి పెట్టింది.

అక్క అరవలేదు. పరుగెత్తింది. ఆ మూటను లాక్కుని రొమ్ముకు అదుముకుంది.

"గట్ల గుంజుకుంటవేందే?" అంది ముసలమ్మ. "అందరు పెట్టిన కాడ నీ గిన్నె పెడితె అరుగుతదా?"

"గిన్నె గాదమ్మా, కంప్యూటర్‌ది."

ముసలమ్మ తువ్వాల విప్పి, తీగలు చూసి, మళ్లీ కప్పింది. "గిది ఉడుకుతదా?"

"ఇది ఉడికితె నా బువ్వ ఉడుకది."

ఆ మాటకు ముసలమ్మ తన కొంగు మడిచి, దాని మీద మూటను పెట్టుకుని పక్కన కూర్చుంది. మేము తినేదాకా ఎవరినీ దగ్గరికి రానీయలేదు. మైకులో నేనేం మాట్లాడానో నాకు జ్ఞాపకం లేదు. ఆ పప్పు రుచి జ్ఞాపకం ఉంది.

ఇంటికొచ్చి పెట్టె మూత తీసేశాం. డబ్బాను లోపల కూర్చోబెట్టే ఆశ ఎలాగూ లేదు. అక్క దాన్ని పెట్టె నెత్తిన ఎత్తి పెట్టింది. కదలకుండా మగ్గం దారం నాలుగు పేటలు వేసి, నేతవాళ్లు మాత్రమే వేసే ముడితో బిగించింది. తీగలు పక్క నుంచి లోపలికి దిగాయి. ప్లగ్గు గుచ్చి, బటన్ మీద వేలు పెట్టి ఆగింది. "నువ్వు ఒత్తు తమ్మీ" అంది. నేను ఒత్తను అన్నాను. ఆమే ఒత్తింది.

ఫ్యాన్ తిరిగింది.

అమావాస్య నాడు బావ వచ్చేసరికి షట్టర్ పైకి లేచి ఉంది, లోపల టకటకలు వినిపిస్తున్నాయి. ఆయన గుమ్మంలో నిలబడి తొంగి చూశాడు.

"గిదేంది మరదలా, పేగులు బయటేసుకున్నది?"

"లోపట జాగ సాలలే బావ. పని జేత్తున్నదా లేదా సూడు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, పొలం మోటారు కరెంటు కోసం ఒక దరఖాస్తు కొట్టించుకున్నాడు. సంతకం పెడుతూ "నా పేరు జర పెద్దగ కొట్టపోయినవ్" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

నేను ఊరుకునేవాణ్నా? లోపల చోటివ్వకపోతే బయట నిలబడి నడిపిస్తామని, ఎవరి పెట్టె కొలతలకో మన బతుకు కుదించుకోబోమని, ఆ డబ్బా మీద ఒక వ్యాసమే రాసి తీసుకుపోయాను. పైకి చదివింది. మడిచి వెనక్కి ఇచ్చింది. "డబ్బా ఖరాబైంది, మార్పించినం. గింత దాన్ని గూడ ఉద్యమంల కలుపుతవా? రేపు నా రోలు మీద గూడ రాస్తవ్." ఆ వ్యాసం ఎన్నడూ అచ్చు కాలేదు. ఆమె కొట్టనిది నేను ఎక్కడా ఇవ్వలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేను బజారంతా తిరిగి, రంగు నీళ్లలో తడిసి ఆమె షట్టర్ ముందుకొచ్చాను. ఆమె ఎవరిదో పెళ్లి పత్రిక కొడుతోంది. "అచ్చింది గద తమ్మీ. ఇగ ఎవల మీద రాత్తవ్?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. తర్వాతి ఏళ్లలో ఎవరి మీద రాయాల్సి వచ్చిందో ఇద్దరమూ చూశాం. కండువాలు మారాయి, కార్లు మారాయి. ముళ్లకంప లాగినవాళ్లు ఉద్యోగాల కోసం వయసు మీద పడేదాకా ఎదురుచూశారు. నేను జగిత్యాలకు మారాను, జుట్టు నెరిసింది, కోపం మిగిలింది గాని దానికి కాళ్లు లేవు. రాసింది పట్టుకుని కోరుట్లకు పోయేవాణ్ని. ఆమె లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది, అయినా పాత తెలుగు అక్షరాలు అందులోనే ఉన్నాయని నావన్నీ ఆ పేగుల పెట్టె మీదే కొట్టేది. "ఎవ్వలు చదువుతలేరక్కా" అని ఒకసారి అన్నాను. ఆమె తాళాల గుత్తితో బల్ల మీద కొట్టింది. "నేను చదువుతున్న గద. కట్టెల మోపు తగ్గిచ్చి మల్ల రాసుకరా."

దినాలు అయిపోయాక బావ మళ్లీ ఫోన్ చేశాడు. "గా మిషిని మీరే తీస్కపోండ్రి సార్. మాకు దాని సంగతి తెల్వదు. గది కిరాయికిద్దమని."

పోయాను. బావను పలకరించడానికి మాటలు దారిలోనే కూర్చుకున్నాను, అక్కడికి చేరేసరికి ఏదీ మిగల్లేదు. గదిని ఆయన ఊడ్పించి పెట్టాడు. మిషిన్ మీద ఆమె కప్పే సిరిసిల్ల గుడ్డ అలాగే ఉంది. తీశాను. మగ్గం దారం నల్లబడింది గాని ముడి వదులు కాలేదు. ఆమె ఎప్పుడూ గోడ స్విచ్చి ఆపేది కాదేమో, ఇన్నాళ్లూ లోపల చిన్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ప్లగ్గు పీకాను. దారం మీదికి చెయ్యి పోనిచ్చి ఆపుకున్నాను.

బావ షట్టర్ దించే కొక్కెం కర్ర పట్టుకుని షట్టర్ కింద నిలబడ్డాడు. వంగి లోపలికి చూశాడు.

"ప్లగ్గు పీకితిరి గద. ఇంక ఎలుగుతున్నదేంది?"

"కొంచెం ఉంటది లోపల. అదే ఆరుతది."

ఆయన కర్రను గోడకు ఆనించాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బయట బజారు నడుస్తోంది. ఇద్దరం ఏమీ ముట్టుకోకుండా, ఆ పచ్చ చుక్క వైపు చూస్తూ ఉండిపోయాం.